పదమూడు అక్షరాల ముసుగు

"జులాబు ఇవ్వాలి," అన్నాడు లైల్ ప్రిచర్డ్, కుర్చీలో వెనక్కి వాలుతూ. "కడుపుబ్బిన కంప్యూటర్‌కి అంతకు మించిన మందు లేదు."

పక్క కుర్చీలో మర్రే అప్పటికే నవ్వుతున్నాడు. లైల్ జోకు వెయ్యకముందే నవ్వడం మర్రేకి అలవాటు. వాళ్ళ వెనక ప్రింటర్ దగ్గర నిలబడి, కాగితాల అంచుల్లో చిల్లుల పట్టీలు చింపుతున్న థియా హాగెన్ కూడా నవ్వింది. జోకు ఏమిటో ఆమెకి ఇంకా తెలియదు. ఆ గదిలో లైల్ నోరు తెరిస్తే నవ్వాలి, అంతే.

మిన్నెసోటాలో జనవరి నెల, ఇంటర్నెట్ ఇంకా ఇళ్ళలోకి రాని రోజులు. యూనివర్సిటీ నేలమాళిగలో ఉన్న ఆ టెర్మినళ్ళ గదికి కిటికీలు ఎక్కడో పైన, కప్పుకి దగ్గరగా ఉన్నాయి. వాటికి సగం దాకా మంచు పేరుకుంది. లోపల యంత్రాల హోరు, కాచి కాచి మాడిన కాఫీ వాసన. ఎవరి ఫైళ్ళకు ఎంత జాగా ఇవ్వాలి, ఎవరి ఖాతా ఉంచాలి, ఎవరిది ఊడపీకాలి అన్నది లైల్ ఇష్టం. పీహెచ్‌డీ విద్యార్థులు ప్రొఫెసర్లకైనా ఎదురు చెబుతారేమో గాని లైల్‌కి చెప్పరు.

"ఏమిటి సంగతి?" అంది థియా.

లైల్ తెర ఆమె వైపు తిప్పాడు. దేశంలోని యంత్రాలు ఫోన్ తీగల మీద ఒకదానికొకటి అందించుకునే చర్చా గ్రూపు అది. ఎవరైనా ఒకచోట రాస్తే ఒక్క రోజులో వందల ఊళ్ళలో చదువుతారు. కొత్తగా వచ్చిన పోస్టు ఇలా ఉంది:

"అయ్యలారా, అమ్మలారా, ఇది నా మొదటి ఉత్తరం. తప్పులుంటే మన్నించండి. నేను వెర్మాంట్‌లో ఒక చిన్న ఆపిల్ పరిశోధన తోటలో టైపిస్టుని. మా డాక్టరుగారు ఏ చెట్టుని ఏ చెట్టుతో కలిపి ఏ మొక్క పుట్టించారో ఆ వివరాలన్నీ మూడు చలికాలాలు కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. బీరువాలు వేరే పనికి కావాలన్నారని పాత కార్డులు పారేశాం. తోటలో చెట్లకి నంబర్ల బిళ్ళలు తప్ప ఇంకేమీ లేవు. ఇప్పుడు డిస్క్ నిండిపోయిందని యంత్రం మొరాయిస్తోంది. కాస్త జాగా చేసుకునే దారి ఎవరైనా చెబుతారా? ఇట్లు, మిసెస్ వినిఫ్రెడ్ కోట్స్."

కింద తోట చిరునామా, ఆఫీసు ఫోన్ నంబరు కూడా ఉన్నాయి.

"ఫోన్ నంబరు కూడా ఇచ్చింది చూడండి! పెళ్ళి సంబంధాలు చూస్తోంది కాబోలు," అన్నాడు మర్రే.

"ఉండు, మామ్మగారికి మంచి సంబంధమే చూద్దాం," అని లైల్ మీటల మీద వంగాడు. అతను రెండు వేళ్ళతోనే కొడతాడు, అయినా వడగళ్ళు పడ్డట్టు కొడతాడు. "అమ్మా, తమరి యంత్రానికి మలబద్ధకం పట్టింది. ఈ కింది ఆజ్ఞ ఒక్కసారి కొట్టి ఎంటర్ నొక్కండి. ఇంత చురుకైన జులాబు లోకంలో లేదు. కడుపు ఖాళీ అయి హాయిగా ఉంటుంది." దాని కింద పొట్టి ఆజ్ఞ ఒకటి రాశాడు. ఉన్న ఫైళ్ళన్నిటినీ మారు అడక్కుండా తుడిచిపెట్టే ఆజ్ఞ అది. ఆ గదిలో ఏడాది గడిపిన ఎవరికైనా దాన్ని చూస్తే చెయ్యి వెనక్కి పోతుంది.

థియా చేతిలోని కాగితం పట్టీ తెగింది.

"ఆవిడ నిజంగా కొడితే?"

"కొట్టదులే. అది కూడా తెలియని మనిషికి కంప్యూటర్ ఎందుకు, కుట్టుమిషను చాలదూ?" అని లైల్ పోస్టు పంపేశాడు. "అయినా రేపు పొద్దున్నే ఎవడో ఒక పెద్దమనిషి 'వద్దు తల్లీ' అని రాస్తాడు. ప్రతిసారీ జరిగేదే. నువ్వేం బెంగ పెట్టుకోకు, మహారాణీ."

మహారాణి అన్న పేరు ఆమెకి అక్టోబరులో వచ్చింది. ఫాంట్ల గురించి ఆమె గ్రూపులో ఒక ప్రశ్న అడిగితే, ఎక్కడో టెక్సాస్‌లో ఒకడు ఆమె పేరు పెట్టి, మహారాణీ అని పిలుస్తూ, ఆమె నడుము మీద, మంచం మీద పద్యం అల్లాడు. అది తిరిగి తిరిగి నెల రోజులు నడిచింది. మర్రే ఇప్పటికీ దాన్ని కూనిరాగం తీస్తాడు. అప్పటినుంచీ థియా గ్రూపులో చదువుతుందే గాని రాయదు.

మర్నాడు పొద్దున కోటు కూడా విప్పకుండా టెర్మినల్ ముందు కూర్చుంది. లైల్ పోస్టు కింద డజను జవాబులు వచ్చి ఉన్నాయి. ఒక పెద్దమనిషైనా 'వద్దు తల్లీ' అని రాసి ఉంటాడని ఒక్కొక్కటే తెరిచింది. "మా మేనేజరుకి కూడా ఇదే జులాబు పట్టించాను, అద్భుతం," అని ఒకడు రాశాడు. "రెండుసార్లు కొట్టండి, గ్యాసు కూడా పోతుంది," అని ఇంకొకడు. పేరున్న ప్రొఫెసర్ ఒకాయన పిర్రల మీద జోకు వేశాడు. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరు? హెచ్చరించే పని పక్కవాడు చేస్తాడని ప్రతివాడూ తన వంతు నవ్వు నవ్వేసి పోయాడు.

థియా మీటల మీద చేతులు పెట్టింది, తీసింది.

ఆవిడకి ఒక్కదానికే విడిగా ఉత్తరం పంపవచ్చు. కానీ ఆ చిన్న ఊరి యంత్రం దాకా ఉత్తరం చేరుతుందన్న నమ్మకం లేదు. చేరకపోతే అది వెనక్కి తిరిగొచ్చి, యంత్రాల పెద్ద అయిన లైల్ దగ్గర పడుతుంది, లోపలున్న విషయంతో సహా. అతని జోకుకి అడ్డుపడ్డానని అతనికే కబురు పంపినట్టవుతుంది. పోనీ గ్రూపులోనే బాహాటంగా రాద్దామా అంటే, అక్కడ జోకుని వివరించినంత పాపం ఇంకోటి లేదు. కిందటేడు ఒక కుర్రాడు ఆ పని చేస్తే, అతని వాక్యాన్నే తమ సంతకాల కింద పెట్టుకుని నెలల తరబడి వెక్కిరించారు. అతను మారుపేరుతో కూడా మళ్ళీ రాలేదు.

అయితే ఆ గ్రూపులో ఒక మర్యాద ఉంది. బూతు జోకులు, పొడుపుకథల జవాబులు తిన్నగా రాయరు. ప్రతి ఇంగ్లీషు అక్షరాన్నీ పదమూడు అక్షరాలు ముందుకి జరిపి, A బదులు N వచ్చేలా రాస్తారు. చూడ్డానికి పిచ్చిగీతల్లా ఉంటుంది. చదవాలనుకున్నవాడు ఒక మీట నొక్కితే అక్షరాలు తమ చోటికి తిరిగొస్తాయి. వద్దనుకున్నవాడు దాటిపోతాడు. ఎవరి సరదా చెడదు, ఎవరి మనసూ నొచ్చదు.

థియా గబగబా కొట్టింది: "మిసెస్ కోట్స్, దయచేసి ఆ ఆజ్ఞ కొట్టకండి. మీ ఫైళ్ళన్నీ పోతాయి." ఒకసారి చదువుకుంది. ముసుగు వేసే మీట నొక్కింది. మాటలన్నీ కలగాపులగం అయిపోయాయి. అవి అలా అయిపోతుంటే ఆమెకి భుజాల మీది బరువు దిగినట్టనిపించింది. పంపేసింది.

మధ్యాహ్నం లైల్ చదివాడు. "శభాష్! జోకు చెడగొట్టకుండా ధర్మం నెరవేర్చావు. మర్రే, చూసి నేర్చుకో," అని డోనట్ల పెట్టె ఆమె ముందుకి తోశాడు. థియా ఒకటి తీసుకుంది. ఆకలిగా తింది. పాము చావలేదు, కర్ర విరగలేదు, చెప్పవలసింది చెప్పేశాను అనుకుంది. ఆ పూట ఆమె పని చురుగ్గా సాగింది, మర్రే కూనిరాగం కూడా చెవిన పడలేదు.

బుధవారం గదిలో మంచి టెర్మినళ్ళన్నీ నిండిపోయాయి. మూల ఉన్న పాతదాని ముందు కూర్చుంది థియా. దాని మీద నడిచేది పాతకాలపు ప్రోగ్రాము. గ్రూపు తెరిచి, తను రాసినదాని దగ్గర ఆగి, ముసుగు తీసే మీట నొక్కింది. యంత్రం కీచుమంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ కీచుమంది.

పిచ్చిగీతలు పిచ్చిగీతల్లాగే ఉన్నాయి.

వెర్మాంట్ కొండల్లో, ఆపిల్ తోట ఆఫీసులో, ఆ పెద్దావిడ ముందున్నది ఏ ప్రోగ్రాము? ఆ మీట ఒకటి ఉంటుందని ఆవిడకి ఎవరు చెప్పారు? 'అయ్యలారా, అమ్మలారా' అని మొదలుపెట్టే మనిషికి ఈ గుంపు మర్యాదలు ఎలా తెలుస్తాయి? లైల్ ఉత్తరం మాత్రం తేటతెల్లంగా, మందు చీటీలా ఉంది. థియా రాసిందే బ్రహ్మలిపి.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. తనూ ఆ పిల్లుల పక్కనే కూర్చుని మూతి తుడుచుకుంటోంది.

వెంటనే తిన్నగా రాయడం మొదలుపెట్టింది. "మిసెస్ కోట్స్, ఆజ్ఞ కొట్టకండి. అది జోకు. అది..."

"ఏం రాస్తున్నావ్?"

లైల్ ఆమె కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అతని ఊపిరిలో పిప్పరమెంటు వాసన.

"ఏం లేదు. థీసిస్‌కి సంబంధించింది."

"థీసిస్‌లో మిసెస్ కోట్స్ ఎవరు?" అతను మెల్లగానే అన్నాడు. "చూడు థియా. నీ మంచికే చెబుతున్నా. ఒకసారి చెప్పావు, బావుంది, పద్ధతిగా చెప్పావు. ఒకే జోకుకి రెండోసారి అడ్డుపడితే మనుషులు పేరు గుర్తుపెట్టుకుంటారు. అక్టోబరు సంగతి నువ్వు మర్చిపోయావేమో గాని వాళ్ళు మర్చిపోలేదు. ఈసారి పద్యాలతో ఆగదు."

"అయితే నువ్వే ఒక్క మాట రాయొచ్చుగా?"

"నేనా? నా జోకు నేనే విప్పి చెప్పుకోవాలా?" అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. ఆమె భుజం మీద రెండుసార్లు తట్టి, టేపులు మార్చడానికి వెళ్ళిపోయాడు.

థియా తను రాసినదాన్ని తుడిచేసింది. అతను వెళ్ళాక మళ్ళీ రాయవచ్చు, కానీ రాయలేదు. తెర నల్లగా ఉంది, దాని మీద చిన్న గీత ఒకటి మిణుకుమిణుకుమంటోంది. ఆ గీత వైపే చూస్తూ కూర్చుంది. ఆ సాయంత్రం బస్సులో ఎదుటి సీటులో ఎవరో ముసలామె సంచిలోంచి ఆపిల్ తీసి తుడుచుకుని కొరికింది. థియా తల తిప్పేసుకుంది. భయం అంటే ఎవరో కొట్టడానికి వస్తేనే వస్తుందనుకునేది ఇన్నాళ్ళూ. ఎక్కడో దూరంగా ఒక మనిషి వేలు ఒక మీట మీదకి దిగుతుంటే కూడా ఇంత భయం వేస్తుందని ఆమెకి తెలియదు.

గురువారం పొద్దున ఆమె గదిలోకి అడుగు పెట్టేసరికి నవ్వులతో కప్పు ఎగిరిపోతోంది. మర్రే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"రా రా, మహారాణీ! మామ్మగారు జవాబిచ్చింది. ఇంకోసారి చదువుతా, విను."

గొంతు సన్నం చేసి చదివాడు:

"ప్రిచర్డ్ గారికి వేల దండాలు. మీరు చెప్పింది కొట్టగానే ఎంత జాగా వచ్చిందో! మా డాక్టరుగారు కూడా సంతోషించారు. మరొకరెవరో పోలిష్ భాషలో కాబోలు శ్రమపడి రాశారు, వారికీ కృతజ్ఞతలు. మా ఊళ్ళో ఆ భాష వచ్చినవాళ్ళు లేరు, మన్నించాలి. ఒక్క చిన్న సందేహం. నా ఫైళ్ళు తెర మీద కనబడటం లేదు. అవి మళ్ళీ కనబడాలంటే ఏం కొట్టాలి?"

"పోలిష్!" అని మర్రే మళ్ళీ పొట్ట పట్టుకున్నాడు.

"గట్టి పిండమే!" అన్నాడు లైల్ మెచ్చుకోలుగా. "మనం ఆవిణ్ణి ఆడిద్దామనుకుంటే ఆవిడ మనల్నే ఆడిస్తోంది. ఇంత ముద్దుగా నటించడం నాకు కూడా చేతకాదు. అసలు ఈ మిసెస్ కోట్స్ అనే ఆవిడే లేదేమో. ఏ కాలిఫోర్నియా వాడో మారుపేరుతో రాస్తూ ఉంటాడు."

"నటన కాదు," అంది థియా.

"నీకెలా తెలుసు?"

ఆమె తెర మీద కనబడుతున్న పేరు కింద, మొదటినుంచీ అక్కడే ఉన్న నంబరు వైపు చూసింది. మూడు రోజులుగా ఆ నంబరుని చూస్తూనే ఉంది. గ్రూపులో రాయాలా, ఉత్తరం పంపాలా, ముసుగు వెయ్యాలా అని తల బద్దలు కొట్టుకుంది గాని, ఫోను తీసి మాట్లాడవచ్చన్న ఆలోచన ఆమెకీ రాలేదు, దేశమంతటా చదివిన అంతమందిలో ఒక్కడికీ వచ్చినట్టు లేదు.

గోడకున్న ఫోను దగ్గరికి నడిచింది. దూరపు ఊళ్ళకి ఫోను చెయ్యాలంటే లైల్‌ని అడగాలి. ఆమె అడగలేదు. నంబరు తిప్పుతుంటే వేలు రెండుసార్లు జారింది.

"ఏయ్, ఎవరికి?" అన్నాడు లైల్.

అవతల ఫోను మోగగా మోగగా ఎవరో ఎత్తారు. "ఆపిల్ తోట ఆఫీసండీ. కోట్స్‌ని మాట్లాడుతున్నా." ఆయాసంగా ఉంది గొంతు, మెట్లెక్కి వచ్చినట్టు.

"నా పేరు థియా అండీ. మిన్నెసోటా నుంచి. మీరు గ్రూపులో రాశారు కదా..."

"అయ్యో, అంత దూరం నుంచా! ఎంత మంచివాళ్ళమ్మా మీరంతా. ఉండు తల్లీ, కాగితం తెచ్చుకుంటా, ఏం కొట్టాలో రాసుకుంటా."

"కాగితం వద్దండీ." థియా నుదురు గోడకి ఆనించింది. "మీ దగ్గర టేపు మీద నకలు ఏమైనా ఉందా? ఫైళ్ళన్నీ ఇంకోచోట దాచి పెట్టినవి?"

"టేపు మిషను పోయినేడే పాడైపోయిందమ్మా. బాగుచేసేవాళ్ళు వస్తామన్నారు, రాలేదు. ఎందుకూ?"

గదిలో మర్రే నవ్వు ఆగిపోయింది. చెప్పకుండా ఉండటానికి ఇంక దారి లేదు.

"మిసెస్ కోట్స్, మీ ఫైళ్ళు కనబడకపోవడం కాదండీ. అవి లేవు. ఆ ఆజ్ఞ వాటిని తుడిచేసింది. అది జోకు."

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది.

"జోకా," అంది పెద్దావిడ. అడిగినట్టు లేదు, కొత్త మాట పలికి చూసుకున్నట్టుంది. "ఎవరైనా చూశారా అమ్మా దాన్ని? అంటే, నాకన్నా ముందు?"

"అందరూ చూశారు."

"అందరూ అంటే?"

"చాలామందండీ. ప్రొఫెసర్లు కూడా. నేనూ చూశాను. ఆ పోలిష్ ఉత్తరం నాదే. అది పోలిష్ కాదు. కొట్టవద్దనే రాశాను, కానీ ముసుగు వేసి రాశాను. అక్కడ అలా రాస్తేనే మర్యాద."

"వద్దని చెప్పడానికి ముసుగెందుకు తల్లీ?"

"భయమేసింది."

"ఎవరంటే భయం?"

ఆ ముసలి గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. థియా రిసీవరు పట్టుకునే వెనక్కి తిరిగింది. మర్రే తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. లైల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చొక్కా బొత్తాల మీద డోనట్ పంచదార పడి ఉంది. అతను చెయ్యి అడ్డంగా ఊపుతూ, గుసగుసగా, "నేనిక్కడున్నానని చెప్పకు. ప్లీజ్, థియా. ఆ తోట ప్రభుత్వానిదేమో, ఉద్యోగం పోతుంది," అంటున్నాడు.

మూడు నెలలుగా తను భయపడింది ఈ మనిషికా అని ఆమె చూస్తూ ఉండిపోయింది. అతను తనకన్నా ఎక్కువ వణుకుతున్నాడు.

"అతను ఇక్కడే ఉన్నాడండీ," అంది ఫోనులో. "ఇస్తాను, మాట్లాడండి."

రిసీవరు అతని వైపు చాపింది. లైల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి దించలేదు. ఫోను తీగ వాళ్ళిద్దరి మధ్యా సాగి ఊగుతోంది. లోపలి నుంచి "హలో, హలో," అని చిన్నగా వినబడుతోంది.

"తీసుకో," అంది థియా. ఆ గదిలో ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు.

అతను తీసుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు. "నేను... లైల్ ప్రిచర్డ్‌నండీ," అన్నాడు.

పక్కనే నిలబడ్డ థియాకి అవతలి మాటలు తేటగా వినబడ్డాయి. మిసెస్ కోట్స్ తిట్టలేదు. ఏడవలేదు కూడా. తెరముందు కూర్చుని, మీటల మీద చేతులు పెట్టుకుని, చెప్పింది చెప్పినట్టు చెయ్యడానికి సిద్ధంగా ఉన్న మనిషిలా అడిగింది.

"చెప్పండి బాబూ. ఇప్పుడు ఏం కొట్టమంటారు?"